మూడు తరాల పళ్ళు: పెంకుల మీదికి విసిరింది, పాలలో దాచింది

మా చిన్నాయన పెండ్లి ఫోటో ఒకటి మా ఇంట్లో ఉంది. 1974లో తీసింది. అందులో పెద్దలు, పిల్లలు, పురోహితుడు, చివరికి పక్కన నిలబడిన వంటాయన కూడా నవ్వుతూ ఉంటాడు. పెండ్లికొడుకు ఒక్కడే మూతి బిగించుకొని ఉంటాడు. చిన్నప్పుడు మేము, పాపం చిన్నాయనకు ఈ పెండ్లి ఇష్టం లేదేమో అనుకునేవాళ్ళం. ఒకసారి చిన్నమ్మనే అడిగేశాం. ఆమె పకపకా నవ్వి, "అదేం కాదురా, ఆయనకు ముందు పన్ను లేదు కదా, కనబడుతుందని అట్ల నిలబడినాడు" అనింది.

ఆ పన్ను కథ చెప్పాలంటే మా ఇంటి చరిత్రతో పాటు మన దేశంలో పంటి వైద్యం చరిత్ర కూడా కొంచెం చెప్పాల్సి వస్తుంది. పనిలో పనిగా, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్ళకు ఉపయోగపడే సంగతులు నాలుగు చెప్పాలని ఇది రాస్తున్నాను.

పన్ను, హల్లు, పల్లు

మా వాళ్ళు కోలారు వైపు నుంచి బెంగళూరు పేటకు వచ్చి నాలుగు తరాలయింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, అంగడిలో రెండూ కలిపి, కావాలంటే తమిళం కూడా. పంటి పేరు చూస్తే ఈ మూడూ ఎంత దగ్గరి చుట్టాలో తెలిసిపోతుంది. మనకు పన్ను, తమిళానికి పల్లు, కన్నడకు హల్లు. పాత కన్నడంలో అదీ 'పల్' అనే ఉండేది. తరువాత 'ప' అనే అక్షరం చాలా మాటల్లో 'హ' అయిపోయింది. పాలు హాలైనట్టు, పులి హులి అయినట్టు, పల్లు హల్లు అయింది. మన తెలుగులో ఆ పాత రూపం పలుదోముపుల్లలో ఇంకా దాక్కొని ఉంది.

మా అవ్వ కాలంలో పొద్దున పూట వేపపుల్ల, కానుగపుల్ల ఉండేవి. మా నాయన కాలానికి నంజనగూడు పళ్ళపొడి వచ్చింది. 1913లో నంజనగూడులో మొదలైన సద్వైద్యశాల వాళ్ళది అది. ఆ గులాబీ రంగు పొడి వేలికి అద్దుకొని దొడ్లో వరసగా కూర్చొని తోముకోవడం మా నాయన తరానికి మరువలేని జ్ఞాపకం. మద్రాసులో ఉండే మా మేనత్త వాళ్ళింట్లో అది 'పల్పొడి', మా వీధిలో 'హల్లుపుడి', మా ఇంట్లో 'పళ్ళపొడి'. పేరు ఏదైనా తోముకోవడం వరకు మన ఇళ్ళలో శ్రద్ధ బాగానే ఉండేది. పంటికి ఆపద వస్తే ఏం చేయాలన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

1962: చిల్లాకట్టె ఆట

చిన్నాయనకు అప్పుడు పదకొండేండ్లు. దసరా సెలవుల్లో సందులో చిల్లాకట్టె ఆడుతున్నారు. కన్నడంలో చిన్నిదాండు, కోస్తా వాళ్ళకు బిళ్ళంగోడు. ఎగిరొచ్చిన చిల్ల వచ్చి నేరుగా పై పంటికి తగిలింది. ముందు పన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. నోటి నిండా నెత్తురు. చేతిలో పన్ను పట్టుకొని ఏడుస్తూ ఇంటికొచ్చాడు.

అవ్వ భయపడలేదు. ఎనిమిది మంది పిల్లల్ని పెంచిన మనిషి. చల్లనీళ్ళతో నోరు కడిగించి, పసుపు అద్ది, గుడ్డ మడిచి కొరికి పట్టుకోమనింది. నెత్తురు నిలిచింది. అంతవరకు ఆమె చేసిందంతా సరైనదే. గుడ్డ పెట్టి అదిమి పట్టుకోమనే ఇవాళ డాక్టర్లూ చెబుతారు. తరువాత ఆ పన్నును తీసుకొని, పేడలో చుట్టి, మంగళూరు పెంకుల కప్పు మీదికి విసిరేసింది. "ఊరుకోరా, కొత్తది వస్తుంది" అనింది.

పాలపన్ను ఊడితే మన ఇళ్ళలో చేసేది అదే కదా. కప్పు మీద వేస్తే కొత్త పన్ను తొందరగా, చక్కగా వస్తుందని నమ్మకం. మన పక్కింటి కన్నడిగులూ అదే చేసేవాళ్ళు. కానీ చిన్నాయనకు ఊడింది పాలపన్ను కాదు. పై ముందు పళ్ళు ఏడెనిమిదేండ్లకే మారిపోతాయి. పదకొండేండ్లప్పుడు ఊడింది అసలు పన్ను. దాని వెనక ఇంకొకటి రాదు. కొత్తది వస్తుందని చిన్నాయన రెండేండ్లు రోజూ అద్దంలో చూసుకున్నాడంట. ఆ తరువాత చూసుకోవడం మానేసి, నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నాడు.

ఆసుపత్రికి ఎందుకు పోలేదు?

ఇది నేను మా నాయనను చాలాసార్లు అడిగాను. మా ఇంటి నుంచి విక్టోరియా ఆసుపత్రి నడిచిపోతే పావుగంట. 1900లో తెరిచిన ఆసుపత్రి అది. బెంగళూరులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1958లోనే మొదలైంది. అంటే చిన్నాయన పన్ను ఊడేనాటికి నాలుగేండ్లయింది. అయినా ఇంట్లో ఎవరికీ అక్కడికి పోవాలని తోచలేదు. మా నాయన చెప్పిన జవాబు ఒక్కటే: "పంటికి డాక్టరు అంటే పీకేవాడు అని అప్పుడు మా లెక్క. ఊడిపోయినదాన్ని మళ్ళీ ఏం పీకుతాడు?"

ఆ లెక్క ఊరికే పుట్టలేదు. మన దేశంలో దంతవైద్యం ఒక చదువుగా మారింది చాలా ఆలస్యంగా. అమెరికాలో చదువుకొని వచ్చిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో మొదటి దంతవైద్య కళాశాల పెట్టాడు. స్వాతంత్య్రం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948లో, దంతవైద్యుల చట్టం వచ్చింది. అంతవరకు ఎవరైనా బల్ల వేసుకొని కూర్చొని పళ్ళు పీకవచ్చు. సంతలో కూర్చునేవాళ్ళు, క్షురకులు, పరంపరగా ఈ పని నేర్చుకున్నవాళ్ళు, పెద్ద ఊళ్ళలో చైనా నుంచి వచ్చి స్థిరపడిన పంటి వైద్యుల కుటుంబాలు, వీళ్ళే జనానికి తెలిసిన డాక్టర్లు. చట్టం వచ్చినప్పుడు, పట్టా లేకపోయినా ఏండ్ల తరబడి ఇదే వృత్తిలో ఉన్నవాళ్ళ కోసం రిజిస్టరులో వేరే భాగమే పెట్టాల్సి వచ్చింది.

పంటి నొప్పికి కారణం పురుగు అన్న మాట కూడా చాలా పాతది. సుశ్రుత సంహితలో పుచ్చిపన్నుకు 'క్రిమిదంతకం' అనే పేరు ఉంది. మన ఊళ్ళలో వాకుడు కాయల గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగ నోటికి పట్టించి పురుగు రాలిందని చూపేవాళ్ళు. ఇది మన మూఢత్వం మాత్రమే అనుకోవద్దు, యూరప్‌లోనూ ఇదే నమ్మకం. 1728లో ఫ్రాన్సుకు చెందిన పియర్ ఫోషార్ పళ్ళ గురించి పెద్ద గ్రంథం రాస్తూ, తనకు ఆ పురుగు కనబడలేదన్నాడు. నోట్లోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపినీ పిండినీ పులియబెట్టి ఆమ్లం చేస్తాయనీ, ఆ ఆమ్లం పన్నును తినేస్తుందనీ డబ్ల్యు. డి. మిల్లర్ 1890లో వివరించాడు. పురుగు లేదు కానీ క్రిములు ఉన్నాయి. మన పాతవాళ్ళు పూర్తిగా తప్పూ కాదు, పూర్తిగా ఒప్పూ కాదు.

ఊడిన పన్నును తిరిగి పెట్టడం కూడా కొత్త ఆలోచన కాదు. ఫోషార్ తన పుస్తకంలో దాని గురించి రాశాడు. అంతకు ముందు పదహారో శతాబ్దంలో ఆంబ్రోజ్ పారే అనే ఫ్రెంచి శస్త్రవైద్యుడూ రాశాడు. కానీ ఏ పన్ను నిలబడుతుంది, ఏది కరిగిపోతుంది అన్నది ఎవరూ లెక్క కట్టలేదు. ఆ పని డెన్మార్కులో జరిగింది. యెన్స్ ఆండ్రియాసెన్, ఆయన సహచరుడు కలిసి, దెబ్బ తగిలి ఊడిపోగా తిరిగి పెట్టిన 110 పళ్ళను గమనించి 1966లో ప్రచురించారు. అరగంట లోపల పెట్టినవాటిలో చాలాభాగం బాగా నిలిచాయి. రెండు గంటలు దాటినవాటిలో దాదాపు అన్నింటి వేర్లూ క్రమంగా కరిగాయి. పన్ను ఎముకకు నేరుగా అతుక్కొని ఉండదు. మధ్యలో సన్నని నారపొర ఉంటుంది. పన్ను ఊడినప్పుడు ఆ పొర సగం వేరును అంటుకొని వస్తుంది. ఆ పొరలోని జీవకణాలు ఎండిపోతే అంతే సంగతులు.

ఆ లెక్క ప్రచురించింది 1966లో. చిన్నాయన పన్ను ఊడింది 1962లో. కాబట్టి మా అవ్వను తప్పు పట్టేదానికి నాకు నోరు రాదు. ప్రపంచానికే సరిగా తెలియని సంగతి బళేపేట సందులో ఉండే ఆమెకు ఎట్ల తెలుస్తుంది?

1986: "పాలపన్నే కదా"

రెండో సంగతి నేను కళ్ళారా చూసింది. మా తమ్ముడికి ఆరేండ్లు. కింది దవడ పన్ను పుచ్చి రాత్రిళ్ళు ఏడ్చేవాడు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "పాలపన్నే కదా, ఎట్లయినా ఊడిపోయేదే." లవంగనూనె దూదితో అద్దేవాళ్ళు. కాసేపు నొప్పి తగ్గేది. లవంగంలో ఉండే యూజినాల్ నరాన్ని మొద్దుబారుస్తుంది. డాక్టర్లు కూడా దాన్ని జింక్ ఆక్సైడుతో కలిపి పంటిలో వాడుతూ వచ్చారు. కానీ అది నొప్పిని దాస్తుంది, జబ్బును ఆపదు. పిల్లల చిగురుకు తగిలితే కాలుతుంది, మింగితే ప్రమాదం.

దీపావళి ముందు రోజు చెంప ఉబ్బింది. మందుల అంగడిలో అడిగి ఏదో మాత్ర తెచ్చి ఇచ్చారు. వేడి కాపడం పెట్టారు. పండగ నాటి సాయంత్రానికి వాపు దవడ కిందికి దిగింది, జ్వరం, నోరు తెరవలేడు, ఉమ్ము మింగలేడు. అందరూ టపాకాయలు కాలుస్తుంటే మా నాయన తమ్ముణ్ణి భుజాన వేసుకొని ఆటో కోసం పరిగెత్తాడు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు నోరు చూసి అడిగిన మొదటి మాట, "రెండు రోజులు ఏం చేస్తున్నారు?" ఆ పన్ను తీసి, చీము వదిలించి, నాలుగు రోజులు సూది మందులు ఇచ్చారు. అక్కడే మా అమ్మకు తెలిసింది, పంటి చీము గొంతు వైపు దిగితే ఊపిరి ఆడకుండా చేయగలదని. దవడ కింద వచ్చే ఆ ప్రమాదకరమైన వాపును 1836లోనే లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు వర్ణించాడు. ఇప్పటికీ ఆయన పేరే వాడుతారు. పెన్సిలిన్ లాంటి మందులు అందుబాటులోకి రాకముందు ఇట్లాంటి వాపుతో ప్రాణాలు పోయేవి. పదిహేడో శతాబ్దపు లండన్ మరణాల పట్టీల్లో 'పళ్ళు' అని ఒక కారణమే రాసి ఉండేది.

ఇంకో సంగతి. దవడ పాలపళ్ళు ఆరేండ్లకు ఊడవు. పది, పన్నెండేండ్ల దాకా ఉండాలి. వెనక వచ్చే పంటికి అవి చోటు పట్టి ఉంచుతాయి. తమ్ముడికి అది ముందే పోవడంతో పక్క పళ్ళు జరిగి, తరువాత వచ్చినది వంకరగా వచ్చింది. "పాలపన్నే కదా" అన్న ఒక్క మాటకు ఇంత ఖర్చయింది.

2014: కరెంటు పోయిన సాయంత్రం

మా పాపకు పదేండ్లు. అపార్ట్‌మెంటు కింద సైకిలు తొక్కుతూ మెట్టుకు గుద్దుకొని పడింది. పైకి వచ్చేసరికి పెదవి చిట్లి ఉంది, ముందు పన్ను లేదు. స్పృహ ఉందా, వాంతి అవుతోందా, తల తిరుగుతోందా అని నా భార్య మొదట అడిగింది. తలకు దెబ్బ తగిలి ఉంటే పంటి కన్నా అదే ముఖ్యం. పాప బాగానే ఉంది. "పన్ను యాడ పడింది?" అంటే తెలీదు అనింది.

అప్పుడే కరెంటు పోయింది. మా ఇంటికి వచ్చి ఉన్న చిన్నాయన టార్చి తీసుకొని, అరవై మూడేండ్ల వయసులో, మోకాళ్ళ మీద కూర్చొని పార్కింగులో వెతికాడు. పూలకుండీ పక్కన దొరికింది. దాన్ని ఎత్తబోతుంటే పై నుంచి నా భార్య అరిచింది, "చిన్నమామా, వేరు పట్టుకోవద్దండి! తెల్లగా కనబడే భాగమే పట్టుకోండి!" పాప బడిలో దంత పరీక్ష చేసినప్పుడు ఇచ్చిన కరపత్రం ఆమెకు గుర్తుంది.

పన్ను ఇంట్లోకి రాగానే మా అమ్మ కొళాయి దగ్గరికి తీసుకుపోయి, మట్టి పోవాలని బ్రష్షు అందుకుంది. మట్టి పట్టిన వస్తువును తోమాలనిపించడం సహజమే. కానీ తోమితే ఆ నారపొర చచ్చిపోతుంది. నా భార్య చెయ్యి పట్టి ఆపి, వేరు తాకకుండా కొన్ని క్షణాలు మాత్రం కొళాయి నీళ్ళ కింద పట్టింది. అప్పటికప్పుడే గూట్లో పెట్టి గుడ్డ కొరికించి పట్టుకోమనడం అన్నింటికన్నా మేలని కరపత్రంలో ఉంది. కానీ పాప నోరు ముట్టుకోనివ్వలేదు. అందుకని ఫ్రిజ్‌లో ఉన్న చల్లని పాలు గ్లాసులో పోసి పన్ను అందులో వేసి మూత పెట్టాం. మామూలు నీళ్ళలో ఉంచితే కణాలు ఉబ్బి పగిలిపోతాయి. పాలలో కొన్ని గంటలు బతుకుతాయి. 1980ల మొదట్లో స్వీడన్‌లో పరీక్షించి తేల్చిన సంగతి ఇది.

పడినప్పటి నుంచి పంటి డాక్టరమ్మ చేతికి పన్ను చేరేదాకా నలభై నిమిషాలు. పాలలో పడేసరికి పది నిమిషాలయి ఉంటుంది. ఆమె సెలైన్‌తో కడిగి, మత్తు సూది ఇచ్చి, గూట్లో పెట్టి, పక్క పళ్ళకు సన్నని తీగతో కట్టింది. రెండు వారాలు తీగ, మెత్తని అన్నం, ధనుర్వాతం సూది వేయించిన తేదీ చూసుకోవడం. పది రోజులకు రూట్ కెనాల్ మొదలు. "ఇది జీవితాంతం ఉంటుందని మాట ఇవ్వలేను. దవడ పెరుగుదల పూర్తయ్యేదాకా ఉన్నా పెద్ద లాభమే. అంతవరకు అక్కడి ఎముక నిలుస్తుంది" అనింది. పిల్లలకు ఎదుగుదల ముగిసేదాకా ఇంప్లాంటు పెట్టరు. ఎక్స్‌రేలో వేరు కొస కొంచెం కరిగినట్టు కనబడింది. పన్ను మాత్రం ఇవాళ్టికీ ఉంది.

ఇంట్లో అందరికీ తెలియాల్సినది

ఇది డాక్టరు సలహాకు బదులు కాదు. డాక్టరు దగ్గరికి చేరేలోపు చేయాల్సిన పని, అంతే.

ఊడింది అసలు పన్ను అయితే వేరు ముట్టుకోకుండా ఎత్తండి, తోమకండి, పేపరులో చుట్టకండి. పిల్లలు మాట వింటే వెంటనే గూట్లో పెట్టండి. కాకుంటే చల్లని పాలలో వేసి అరగంట, గంట లోపల దంతవైద్యుల దగ్గరికి చేరండి. ఆలస్యమైనా సరే, పారేయకుండా తీసుకుపోండి.

ఊడింది పాలపన్ను అయితే తిరిగి పెట్టకండి. లోపల ఎదుగుతున్న అసలు పంటి మొగ్గకు దెబ్బ తగులుతుంది. అయినా డాక్టరుకు చూపించండి.

పన్ను విరిగితే ఆ ముక్కనూ పాలలో వేసి తీసుకుపోండి. చాలాసార్లు దాన్నే అతికించవచ్చు. ముక్క దొరక్కపోతే, పిల్లలు దగ్గుతూ ఆయాసపడుతుంటే, అది ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో చూడమని డాక్టరుకు చెప్పండి.

చెంప గానీ దవడ కింద గానీ ఉబ్బి, జ్వరం ఉంటే, మింగలేకపోతే, నోరు తెరవలేకపోతే, వాపు కంటి వైపు పాకితే తెల్లారేదాకా ఆగకండి. పండగయినా సరే. చిగురు మీద ఆస్పిరిన్ మాత్ర పెట్టడం, పిల్లలకు ఆస్పిరిన్ మింగించడం రెండూ వద్దు.

పాపకు తీగ తీసిన రోజు చిన్నాయన కూడా వచ్చాడు. తిరిగి వస్తుంటే కారులో చాలాసేపు మాట్లాడలేదు. బళేపేట దాటుతుంటే పాత ఇల్లు ఉన్న చోటు చూపించాడు. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల బట్టల అంగడి. "నా పన్ను ఆ పెంకుల మీదనే ఎక్కడో ఉండాల" అన్నాడు. కాసేపాగి, "మా అమ్మకు ఎవరైనా చెప్పింటే విసిరుండేది కాదురా. ఆమె దేన్నీ పారేసే మనిషి కాదు" అన్నాడు.

పాప ఆఖరి పాలపన్ను మరుసటి సంవత్సరం ఊడింది. మా అమ్మ దాన్ని తీసుకొని టెర్రస్ ఎక్కి నీళ్ళ ట్యాంకు మీదికి విసిరింది. పేడ దొరకలేదు, తులసికోట మట్టితో సర్దుకుంది. ఎవరం వద్దనలేదు.